మస్కట్ విమానంలో రాహేలు

సంతోష్‌నగర్‌లో రాహేలు అని పేరు చెప్పి అడిగితే ఇల్లు చూపించలేకపోయేవారు గాని, కాన్పుల ఆయమ్మ అంటే రిక్షావాడు కూడా నేరుగా వాకిట్లోనే దింపేవాడు. పాతబస్తీలోని ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆమె పదహారేళ్లు పనిచేసింది. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో కూడా పాస్ చేత్తో పట్టుకుని, మూసిన దుకాణాల మధ్య నుంచి నడిచి డ్యూటీకి వెళ్లేది. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా రాస్తుందని, పుట్టిన పిల్లల చేతికి కట్టే పట్టీల మీద తల్లుల పేర్లు రాసే పని ఆమెకే అప్పగించారు.

ఆ ఆసుపత్రిలో ఆమెకు అసలు పేరు తెచ్చింది మాత్రం వార్డు గుమ్మం. లోపల ఒక మనిషి నొప్పులు పడుతుంటే బయట పదిమంది చుట్టాలు లొల్లి చేసేవారు. భర్త అరుస్తాడు, అత్త శాపనార్థాలు పెడుతుంది, మేనమామ తలుపు తంతాడు. నర్సులు కేకలేస్తే గొడవ ఇంకా పెరిగేది. రాహేలు వెళ్తే కాసేపటికి సద్దుమణిగేది. వార్డు పెద్దడాక్టరు విమలాదేవి ఒకసారి చాయ్ తాగుతూ, "ఎట్లా చేస్తావే నువ్వు?" అని అడిగింది.

"అరిచేటాయనను పట్టుకోవద్దమ్మా" అంది రాహేలు. "ఆయన ఎన్క నిలబడి ఊకొట్టేటోళ్లు ఉంటరు గద, ముందు ఆళ్లకు పని చెప్పాలె. ఒకన్ని చాయ్ తేను తోలాలె, ఒకామెను గుడ్డలు తేను తోలాలె. అందరు పోతే ఆయన ఒక్కడే మిగుల్తడు. ఒక్కడే ఎంతసేపని అరుస్తడు?"

విమలాదేవి ఆ మాట మర్చిపోలేదు. తర్వాత ఆమె మస్కట్‌లో ఉద్యోగానికి వెళ్లింది. అక్కడి నుంచి 1982 జనవరిలో రాహేలుకు ఉత్తరం వచ్చింది. "ఇక్కడ మంచాలున్నాయి, మందులున్నాయి. మనుషులను సంభాళించే ఆయమ్మ లేదు. కాగితాలన్నీ నేను చూసుకుంటాను. వస్తావా?"

రాహేలు ఆ ఉత్తరాన్ని నాలుగు రోజులు బైబిల్లో పెట్టి ఉంచింది. ఆమె భర్త యోబు ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టరు. తక్కువ మాట్లాడే మనిషి. ఐదో రోజు తనే అడిగాడు.

"ఏందది, రోజు తీసి చూస్తున్నవు, పెడుతున్నవు?"

చెప్పింది. కూతురు సుశీల ఇంటర్ చదువుతోందని, అన్నం ఎవరు వండుతారని, తనకు నలభై ఒకటి వచ్చాయని, విమానం ఎప్పుడూ ఎక్కలేదని అన్నీ తనే చెప్పింది.

"గవన్ని నేనడగలే" అన్నాడు యోబు. "నీకు పోవాలని ఉన్నదా, లేదా? గదే చెప్పు."

ఆమెను ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు.

"ఉన్నది" అంది.

మార్చిలో బొంబాయి దాకా రైల్లో వెళ్లింది. యోబు కూడా వచ్చి విమానాశ్రయం గేటు దగ్గర దిగబెట్టాడు. లోపలికి వెళ్లాక ఆమె వెనక్కి తిరిగి చూస్తే అద్దం అవతల ఆయన చెయ్యి ఊపకుండా, చేతులు కట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

పొద్దున పదింటి విమానం. నిండా మగవాళ్లు. చాలామంది కూలిపనికి వెళ్లేవాళ్లు, కొందరు సెలవు ముగించి తిరిగి వెళ్లేవాళ్లు. ఆడవాళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. రాహేలుకు నడిచే దారి పక్క సీటు వచ్చింది. కిటికీ దగ్గరి మలయాళీ ఎక్కగానే తువ్వాలు ముఖం మీద కప్పుకుని నిద్రపోయాడు. మధ్యలో కూర్చున్న మనిషికి యాభై దగ్గర పడ్డాయి. చేతులు సున్నానికి పగిలి ఉన్నాయి. బెల్టు రెండు కొసలు రెండు చేతుల్లో పట్టుకుని ఏం చేయాలో తెలియక చూస్తున్నాడు. ఆ సంగతి రాహేలుకూ తెలియదు. ముందు వరసలోవాళ్లు ఎలా పెట్టుకున్నారో తొంగి చూసి, తను పెట్టుకుని, ఆయనకూ చూపించింది.

"ఏ ఊరన్నా?"

"లాల్‌దర్వాజా, చెల్లె. వైకుంఠం నా పేరు. మేస్త్రీ పని." కాస్త ఆగి, "గిది మీదికి లేసేటప్పుడు మస్తు ఊగుతదంట గద?" అన్నాడు.

"లాల్‌దర్వాజా బోనాలల్ల ఊగినంత ఊగదులే అన్నా" అంది రాహేలు. ఆయన మొదటిసారి నవ్వాడు.

ముందు వరసలో ముగ్గురు స్నేహితులు కూర్చున్నారు. రాహేలు సరిగ్గా ముందు, దారి పక్కన ఉన్నవాడు ప్రహ్లాద్. ముప్పై ఐదేళ్లుంటాయి, మంచి ఒడ్డూ పొడుగూ. క్రేన్ నడుపుతాడట. మూడోసారి వెళ్తున్నాడట. ఇదంతా రాహేలు అడగలేదు, విమానంలో సగంమందికి వినబడేలా వాడే చెప్పాడు. మధ్యలో కృష్ణయ్య, కిటికీ పక్కన అంజన్న. ప్రహ్లాద్ ఏమన్నా ఆ ఇద్దరూ నవ్వుతున్నారు.

విమానం పైకి లేచిన కాసేపటికే ప్రహ్లాద్ సంచిలోంచి సీసా తీశాడు. సీటు వెనక్కి పూర్తిగా వాల్చాడు. అది వచ్చి రాహేలు మోకాళ్లకు గుద్దుకుంది. సిగరెట్టు మీద సిగరెట్టు వెలిగించాడు. వేరుశనగ పొట్టు దారిలో పోశాడు. పైనున్న గంట మీట నొక్కడం, ఎయిర్‌హోస్టెస్ పరుగున రావడం, "ఏం లేదు, నిన్ను చూద్దామని పిలిచిన" అనడం. కృష్ణయ్య, అంజన్న నవ్వడం. మూడుసార్లు ఇదే ఆట. ఆ పిల్లకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. నీలంచీర కుచ్చిళ్లు సరిచేసుకుంటూ, ముఖాన నవ్వు చెదరకుండా వెనక్కి వెళ్తోంది.

రాహేలు ముందుకు వంగి మెల్లగా అంది. "తమ్మీ, జర సీటు ముందుకనుకో. మోకాళ్లు నొస్తున్నై. ఆ పిల్లను గూడ ఊకె పిలువకు. ఆమెకు మస్తు పనుంటది."

ప్రహ్లాద్ సీటు మీదుగా వెనక్కి తిరిగి ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఏం పని మీద పోతున్నవ్?"

"దవాఖాన్ల ఆయా పని."

"అరే, విన్నరా? పిల్లల పియ్యి ఎత్తేటోళ్లు గూడ విమానమెక్కిన్రు. ఇంక మనకు నీతులు చెప్తున్రు!"

ఆ ఇద్దరూ పగలబడి నవ్వారు. అటు వరసలో కూడా ఎవరో నవ్వారు. రాహేలు ముఖం మండిపోయింది. పదహారేళ్లలో ఎన్నో తిట్లు తింది గాని, అవి కడుపు మండినవాళ్ల తిట్లు. ఊరికే నవ్వుకోవడానికి తననెవరూ వాడుకోలేదు. మోకాళ్లు పక్కకు తిప్పుకుని కూర్చుంది. ఇంట్లో హాయిగా ఉండక ఈ వయసులో ఈ విమానం తనకెందుకని కూడా అనిపించింది.

వైకుంఠం మాత్రం చిన్నగా, "పట్టించుకోకు చెల్లె" అన్నాడు. ఆయన ముఖం అప్పటికే పాలిపోయి ఉంది.

భోజనాల బండి వచ్చినప్పుడు అసలు సంగతి జరిగింది. ఎయిర్‌హోస్టెస్ వంగి ప్లేటు అందిస్తుంటే ప్రహ్లాద్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వదలమంటే వదల్లేదు. "పేరు చెప్పు, వదుల్త" అన్నాడు. ఆమె చెయ్యి గుంజుకుంది. ప్లేటులోని కూర ఆమె చీర మీద ఒలికింది. ఆ ఇద్దరూ మళ్లీ నవ్వారు. కాని ఈసారి కృష్ణయ్య నవ్వు సగంలోనే ఆగిపోయింది. రాహేలు అది గమనించింది.

ఎయిర్‌హోస్టెస్ బండి అక్కడే వదిలేసి వెనక్కి వెళ్లిపోయింది. రాహేలు లేచి ఆమె వెనకే వెళ్లింది. పరదా అవతల ఆ పిల్ల గోడకు ముఖం పెట్టి నిలబడి ఉంది. రాహేలు ముందు నీళ్లతో గుడ్డ తడిపి, చీర మీది మరక తుడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాతే మాట్లాడింది, తనకు వచ్చిన పాతబస్తీ ఉర్దూలో.

"బేటీ, మీ పెద్దాయనకు చెప్పినవా?"

"చెప్తే కెప్టెన్ దాకా పోతుంది" అంది ఆ పిల్ల హిందీలో, కళ్లు తుడుచుకుంటూ. "దిగగానే పోలీసులు వస్తారు. మొన్న ఒకరిని అట్నుంచటే వెనక్కి పంపేశారు. వాళ్ల ఉద్యోగం నా వల్ల పోయిందంటారు. చెప్పకపోతే రోజూ ఇదే."

"నీ వల్ల ఎందుకు పోతది? వాని చెయ్యి వల్ల పోతది" అంది రాహేలు. "చెప్పాలనుకుంటే చెప్పు. నేను చూసిన. గవాహీ ఇస్త, సాక్ష్యం చెప్త. చెప్పకపోయినా నీ ఇష్టమే. నువ్వు ఆలోచించుకునే దాక వాడు నీ జోలికి రాకుండ నేను చూస్త."

ఆ మాటైతే అనేసింది గాని, ఎలా చూస్తుందో తిరిగి నడిచి వచ్చేటప్పటికి ఆమెకే తెలియదు. తన వరస దగ్గరికి వచ్చేసరికి వైకుంఠం ముందు సీటుకు తల ఆనించి, చెమటలు కక్కుతూ, కాగితం సంచి నోటి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. విమానం కుదుపుల్లో పడింది. ఆయనకు వాంతి ఆగడం లేదు.

ఆ క్షణంలో ఆమెకు అది విమానంలా అనిపించలేదు. వార్డు గుమ్మంలా అనిపించింది.

ప్రహ్లాద్ వైపు చూడనైనా చూడకుండా, ముందు సీటు మీదుగా చెయ్యి చాపి కృష్ణయ్య భుజం తట్టింది. "తమ్మీ కృష్ణయ్యా, లే. ఈ అన్నను బాత్రూం దాక పట్టుకపోవాలె. నా వల్ల గాదు, బరువున్నడు. నువ్వు బలమున్నోనివి."

కృష్ణయ్య ప్రహ్లాద్ ముఖం చూశాడు. వాంతి చేసుకుంటున్న మనిషి ముఖం కూడా చూశాడు. లేచి, ప్రహ్లాద్ మోకాళ్లను దాటుకుని వచ్చి, వైకుంఠం చంకలో చెయ్యి వేసి లేపాడు.

"అంజన్నా, నువ్వు పోయి నీళ్లు, ఒక తడిగుడ్డ తే. ఆ పిల్లను మేడం అని పిలిచి అడుగు."

"నేనా?" అన్నాడు అంజన్న.

"నువ్వే. నీళ్లు లేకుంటే ఆయన కండ్లు తిరిగి పడ్తడు. తొందరగ పో."

అంజన్న కూడా వెళ్లాడు.

ముందు వరసలో ప్రహ్లాద్ ఒక్కడే మిగిలాడు. "అరే, ఏడికిరా?" అని అరిచాడు. పక్కనున్న రెండు ఖాళీ సీట్లు చూశాడు. గంట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. నవ్వేవాళ్లు ఎవరూ లేరు. ఈసారి ఎయిర్‌హోస్టెస్ రాలేదు. విమాన సిబ్బందిలో జుట్టు నెరిసిన పెద్ద ఉద్యోగి ఒకాయన వచ్చి గట్టిగా చెప్పాడు, ఇంకొక్కసారి ఇలా చేస్తే కెప్టెన్‌కు చెప్తానని. ప్రహ్లాద్ సర్రున లేచి ఆయన కాలరు పట్టుకున్నాడు.

అందరూ చూస్తున్నారు, ఎవరూ కదలడం లేదు. రాహేలు లేచింది. ఎదురుగా వెళ్లలేదు. పక్కన నిలబడింది. గొంతు పెంచకుండా, వాడికి మాత్రమే వినబడేలా అంది.

"తమ్మీ, నీ చెయ్యి చూస్కో."

"ఏంది?"

"గీ చేత్తోనే గద క్రేన్ నడిపేది. ఇప్పుడు అది ఏం పట్టుకున్నదో చూస్కో. వదిలిపెడితే సీట్ల కూసుంటవ్. వదలకపోతే మళ్ల ఇదే విమానంల బొంబాయికి పోతవ్. నేను బెదిరిస్తలేను. అక్కడ ఆ పిల్ల చెప్పింది నాకు."

"నువ్వెవరు నాకు చెప్పనీకి?" అన్నాడు ప్రహ్లాద్. కాలరు మాత్రం కొంచెం వదులైంది.

అప్పుడు వెనక నుంచి వైకుంఠాన్ని నడిపించుకుంటూ వస్తున్న కృష్ణయ్య మాట్లాడాడు.

"ప్రహ్లాదన్నా, కూసో. మస్తైంది ఇంక. ఇంటికాడ నీకు గూడ చెల్లెండ్లున్నరు."

ఆ మాట రాహేలు అని ఉంటే వాడు ఆగేవాడు కాడు. కాని అప్పటిదాకా నవ్విన నోరే ఆ మాట అంది. నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డ అంజన్న కూడా తల వంచుకున్నాడు. ప్రహ్లాద్ కాలరు వదిలేశాడు. ధబేలున సీట్లో కూలబడ్డాడు. అంజన్న వంగి సీసా తీసుకుని, పెద్ద ఉద్యోగి చేతికి ఇచ్చాడు.

కాసేపటికి ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. మరకపడ్డ చీర కొంగు నడుముకు దోపుకుని ఉంది. పెద్ద ఉద్యోగి ఆమెనే అడిగాడు, ఏం చేద్దామని. రాహేలు మధ్యలో మాట్లాడలేదు. ఆ పిల్ల ప్రహ్లాద్ తల వెనక భాగం వైపు చూస్తూ అంది.

"మీకు చేసినదానికి మీ ఇష్టం సార్. నా సంగతికి, ఎంతమంది ముందు నా చెయ్యి పట్టుకున్నాడో అంతమంది ముందు తప్పయిందని చెప్పాలి. దిగేలోపు చెప్పకపోతే కెప్టెన్‌కు నేనే చెప్తాను."

పెద్ద ఉద్యోగి కాలరు సరిచేసుకుని, "అయితే నాదీ అదే షరతు" అన్నాడు.

ప్రహ్లాద్ కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. పది నిమిషాలు గడిచాయి. పదిహేను గడిచాయి. వాడు కదల్లేదు.

అంతలో దిగేముందు నింపాల్సిన కాగితాలు పంచారు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎక్కడ ఉంటారు. చాలామంది అటూ ఇటూ చూస్తున్నారు. రాహేలు సంచిలోంచి పెన్ను తీసి ముందు వైకుంఠం కాగితం నింపింది. ఆయన ముఖంలో మళ్లీ కాస్త రంగు వచ్చింది. తర్వాత కృష్ణయ్య, అంజన్న ఇచ్చారు. అది చూసి వెనక వరసల నుంచి పాస్‌పోర్టులు చేతులు మారుతూ వచ్చాయి. కొన్ని చెమటకు మెత్తబడి ఉన్నాయి. పిల్లల పట్టీల మీద రాసినంత జాగ్రత్తగా, గుండ్రటి అక్షరాలతో అన్నీ రాసింది. వేళ్లు తీపులు పెట్టాయి.

చివరికి ముందు సీటు మీదుగా ఒక చెయ్యి వచ్చింది. ముఖం కనబడలేదు. చెయ్యి, అందులో పాస్‌పోర్టు, నలిగిన కాగితం.

రాహేలు తీసుకోలేదు. "ముందు ఆ పిల్లతోని మాట్లాడు. గప్పుడు రాస్త."

మాట్లాడకపోయినా తను రాసి ఉండేదాన్నేనని చాలా ఏళ్ల తర్వాత కూతురికి చెప్పింది. ఒక మనిషి చదువు రాకపోవడాన్ని అడ్డం పెట్టుకోవడం ఆమెకు నచ్చే పని కాదు. కాని ఆ సంగతి వాడికి తెలియాల్సిన పని లేదనుకుంది.

చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది. తర్వాత ప్రహ్లాద్ లేచాడు. వెనక పరదా దాకా నడిచి వెళ్లి ఏదో గొణిగాడు. "ఇక్కడ కాదు" అన్న ఆ పిల్ల గొంతు అందరికీ వినబడింది. "అక్కడికి వచ్చి చెప్పు."

మళ్లీ తన వరస దగ్గరికి వచ్చాడు. ఎయిర్‌హోస్టెస్, పెద్ద ఉద్యోగి ఎదురుగా నిలబడ్డారు. "గల్తీ హోగయీ మేడం. మాఫ్ కరో. సార్, ఆప్ భీ" అన్నాడు. నేల వైపే చూస్తూ అన్నాడు గాని, గట్టిగానే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల తల ఊపి, బెల్టు పెట్టుకోమని మామూలు గొంతుతో చెప్పి ముందుకు వెళ్లిపోయింది.

ప్రహ్లాద్ కూర్చోబోతూ ఆగాడు. "నిన్ను గూడ అనరాని మాట అన్న" అన్నాడు రాహేలుతో.

"అన్నవ్" అంది రాహేలు. "తండ్రి పేరేంది, చెప్పు."

వాడు చెప్పాడు. ఆమె రాసింది. దిగేముందు సీటు నిటారుగా పెట్టుకోమని ఎవరూ చెప్పకముందే వాడు పెట్టుకున్నాడు.

మస్కట్ విమానాశ్రయంలో విమలాదేవి ఎదురుచూస్తోంది. "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగితే, "డ్యూటీ అప్పుడే మొదలైందమ్మా" అంది రాహేలు. మూడో రోజే వార్డు తలుపు దగ్గర నిలబడింది. అరబ్బీ అర్థం కాలేదు గాని, ఎవరు అరుస్తున్నారో, ఎవరు ఊకొడుతున్నారో అర్థమయింది.

ఐదేళ్లు అక్కడ పనిచేసింది. మధ్యలో సెలవులకు వస్తూ పోతూ ఇంకా చాలాసార్లు విమానం ఎక్కింది. ప్రతిసారీ ఏదో ఒక లొల్లి ఉండేది. అన్నిసార్లూ గెలిచిందని చెప్పలేం. ఒకసారి తాగినవాడు నెట్టేస్తే మోచెయ్యి వాచింది, వాణ్ని దిగగానే పోలీసులే తీసుకుపోయారు. ఆ ఫికర్ ఆమె పెట్టుకోలేదు. "అందరు మాట వింటరని ఏడున్నది? వినేటోళ్ల కోసం చెప్పాలె" అనేది.

1987లో సంతోష్‌నగర్‌కు తిరిగి వచ్చేసింది. సుశీల అప్పటికి టైపిస్టు ఉద్యోగంలో చేరింది. యోబు అన్నంతో పాటు పప్పు కూడా వండడం నేర్చుకున్నాడు. గల్ఫుకు వెళ్లే ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమెను వెతుక్కుంటూ రావడం మొదలైంది. బెల్టు ఎలా పెట్టుకోవాలి, ఎవడైనా మీద చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలి, దిగేముందు కాగితంలో ఏం రాయాలి అని అడిగేవారు. చెప్పి చెప్పి, చెబితే చాలదని తెలిసింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వరండాలో చాప పరిచి, ఇంగ్లీషు అక్షరాలు నేర్పడానికి పలకలు పెట్టింది. ఆరుగురు వచ్చారు. వాళ్లలో అందరికన్నా పెద్దది రాజమణి. లాల్‌దర్వాజాలో పాలు పోసే ఇంటి మనిషి. పిల్లల్ని చూసుకునే పనికి దుబాయ్ వెళ్లబోతోంది.

"ఈ వయసుల నాకు అక్షరాలొస్తయా అక్కా?" అని అడిగింది.

"ఎన్ని బర్లకు పేర్లు పెట్టినవ్?"

"పదకొండింటికి."

"అన్ని యాదికున్నయి గద. ఇవి ఇరవై ఆరే" అంది రాహేలు.

మూడు నెలలు పట్టింది. తర్వాతి ఎండాకాలంలో దుబాయ్ నుంచి రాజమణి ఉత్తరం వచ్చింది. తెలుగు మాటలు ఎవరితోనో రాయించింది గాని, కింద పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తనే రాసుకుంది. విమానంలో కాగితం తనే నింపిందట. ఒక్కచోట పాస్‌పోర్టు నంబరు రాయాల్సిన గడిలో ఊరి పేరు రాసిందట. దిగాక ఆఫీసరు నవ్వి, కొట్టేసి, పక్కన సరిగా రాసుకోమని పెన్ను మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడట.

రాహేలు ఆ ఉత్తరాన్ని ఆ తర్వాతి ఆదివారం చాప మీద కూర్చున్నవాళ్లందరికీ చదివి వినిపించింది. అప్పటికి వాళ్లు తొమ్మిదిమంది అయ్యారు.